కంపెనీకి ఫిర్యాదు ఉత్తరం: పని జరిగేలా రాయడం ఎలా?

కొత్త ఫ్రిజ్ నాలుగు నెలలకే చల్లబడటం మానేసింది అనుకుందాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తారు. టెక్నీషియన్ వచ్చి గ్యాస్ నింపి వెళ్తాడు. వారం తిరిగేసరికి మళ్లీ అదే కథ. మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి ఎత్తినవాళ్లు వేరు, వాళ్లకి మొదటి నుంచీ చెప్పుకోవాలి. "మీ కంప్లైంట్ నోట్ చేసుకున్నాం సార్" అంటారు. రెండు నెలలు ఇలా తిరిగాక చేతిలో ఏముందని చూసుకుంటే, కాగితం ముక్క కూడా ఉండదు. అన్నీ మాటలే.

ఉత్తరం అవసరం అక్కడే వస్తుంది. మెయిల్ అయినా, పోస్టులో పంపే కాగితమైనా సరే. ఇరుగుపొరుగుకీ బంధువులకీ ఇలాంటి ఉత్తరాలు రాసిపెట్టే అలవాటు నాకుంది. అందులో నాకు బాగా అర్థమైన విషయం ఒకటి: కస్టమర్ కేర్ ఉద్యోగి చదువుతాడని మాత్రమే అనుకుని రాస్తే ఉత్తరం కోపంతో నిండిపోతుంది. ఆ ఉద్యోగి తర్వాత దాన్ని చదవబోయే మనిషి ఒకరుంటారు. కంపెనీ పై అధికారి కావచ్చు, హెల్ప్‌లైన్ వాళ్లు కావచ్చు, రేపు వినియోగదారుల కమిషన్‌లో కూర్చునే సభ్యులు కావచ్చు. వాళ్లకి మీరెవరో తెలియదు, ఫ్రిజ్ గొడవ ఏమిటో తెలియదు. ఒక్కసారి చదవగానే ఏం జరిగిందో, మీకేం కావాలో వాళ్లకి తెలిసిపోవాలి. వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాయండి. కింద చెప్పేదంతా అందుకోసమే.

మొదటి మెట్టు: కాగితాలు పోగుచేయండి

ఉత్తరం మొదలుపెట్టే ముందే ఈ పని అయిపోవాలి. బిల్లు, వారంటీ కార్డు, డబ్బు కట్టిన రుజువు (కార్డు స్టేట్‌మెంట్, యూపీఐ స్క్రీన్‌షాట్, ఈఎంఐ కాగితం), కంపెనీ నుంచి వచ్చిన ప్రతి ఎస్ఎమ్ఎస్, ప్రతి కంప్లైంట్ నంబర్ ఒకచోట పెట్టుకోండి. షోరూముల్లో మెషీన్ నుంచి చిరిగి వచ్చే నున్నటి కాగితం బిల్లులు కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. కొన్న రోజే ఫోటో తీసిపెట్టుకోవాలి. బిల్లు పోయినా దారి మూసుకుపోదు. బిల్లింగ్ అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబర్ చెబితే చాలా షోరూములు నకలు తీసిస్తాయి.

వస్తువు మీద సీరియల్ నంబర్ స్టిక్కర్ ఉంటుంది. ఫ్రిజ్‌కైతే సాధారణంగా లోపలి గోడకో వెనకవైపో అంటించి ఉంటుంది. దాన్ని ఫోటో తీయండి. మొబైల్ అయితే ఐఎమ్ఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకోండి.

వీటన్నిటికంటే విలువైన కాగితం జాబ్ షీట్. టెక్నీషియన్ వచ్చి చూశాక ఏం లోపం కనిపించిందో, ఏం చేశాడో రాసేది అందులోనే. ఇప్పుడు చాలామంది అది ఫోన్‌లోనే నింపేసి వెళ్లిపోతారు. అతను గుమ్మం దాటకముందే "అన్నా, ఏం రాశారో ఒకసారి చూపించండి, ఫోటో తీసుకుంటా" అని అడగండి. చాలామంది చూపిస్తారు. టెక్నీషియన్‌తో గొడవ పెట్టుకోవద్దని నేను మరీ మరీ చెబుతాను. పార్టు రాకపోవడం అతని తప్పు కాదు. పైగా "కంప్రెసర్ పోయింది" అని అతను రాసిన ఒక్క మాట, మీరు రాసే పేజీ కంటే బలమైన సాక్ష్యం. అది కంపెనీ మనిషే ఒప్పుకున్న మాట మరి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. పని పూర్తయ్యాక మీ ఫోన్‌కి వచ్చే ఓటీపీ చెప్పమంటారు. కొన్ని కంపెనీలు దాన్ని హ్యాపీ కోడ్ అంటాయి. అది చెప్పారంటే మీరు సంతృప్తి చెందినట్టు లెక్క, కంప్లైంట్ మూసేస్తారు. "పార్టు ఆర్డర్ పెట్టాలంటే కోడ్ కావాలి మేడమ్" అన్నా సరే, వస్తువు బాగయ్యేదాకా చెప్పకండి. బాగుకాకుండానే "మీ కంప్లైంట్ పరిష్కారమైంది" అని మెసేజ్ వస్తే డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీయండి. ఉత్తరంలో అది ఎంతో పనికొస్తుంది.

ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద తేదీల వరుస రాయండి. ఏ రోజు ఏం జరిగింది, ఎవరేమన్నారు, ఆ కంప్లైంట్ నంబర్ ఎంత. తేదీ గుర్తులేకపోతే కాల్ లాగ్, వాట్సాప్ చూస్తే దొరుకుతుంది. ఈ వరుస సిద్ధమైందంటే ఉత్తరం సగం రాసేసినట్టే.

రెండో మెట్టు: ఎవరికి రాయాలో తేల్చుకోండి

షోరూము వాళ్లు "కంపెనీని అడగండి" అంటారు, కంపెనీ వాళ్లు "డీలర్‌ని కలవండి" అంటారు. ఈ తిరుగుడులో పడకుండా ఒకే ఉత్తరం ఇద్దరికీ పంపండి. తయారీలో లోపమైతే ప్రధానంగా కంపెనీకి రాసి, షోరూముకి కాపీ పెట్టండి. పాత వస్తువు అంటగట్టడం, చెప్పిన మోడల్ కాకుండా వేరేది పంపడం లాంటివైతే షోరూముకి రాసి, కంపెనీకి కాపీ.

చిరునామా కోసం గూగుల్‌లో "ఫలానా కంపెనీ కస్టమర్ కేర్ నంబర్" అని వెతకొద్దు. అక్కడ మోసగాళ్లు పెట్టిన నకిలీ నంబర్లు చాలా ఉంటాయి. రీఫండ్ వేస్తామని చెప్పి ఫోన్‌లో ఏదో యాప్ ఎక్కించుకోమంటారు, ఖాతా ఖాళీ చేస్తారు. అలాంటిది జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అసలైన వివరాలు మీ ఇంట్లోనే ఉంటాయి. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద ఫిర్యాదుల కోసం సంప్రదించాల్సిన పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్ ముద్రించాలని నిబంధన ఉంది. అట్టపెట్టె మీదా, వారంటీ కార్డు వెనకా చూడండి. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) వివరాలుంటాయి.

ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లకి ఒక అదనపు బలం ఉంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సైట్లకి గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. అందుకని యాప్‌లోని చాట్‌తో ఆగిపోకుండా ఆ ఆఫీసర్ మెయిల్‌కే రాయండి. చాట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, కొన్నాళ్లకి అది కనిపించకపోవచ్చు.

మూడో మెట్టు: మీకేం కావాలి?

చాలా ఉత్తరాలు బెడిసికొట్టేది ఇక్కడే. రెండు పేజీల బాధంతా రాసి చివర్లో "కావున తగు చర్య తీసుకోగలరు" అని ముగిస్తారు. తగు చర్య అంటే ఏమిటో కంపెనీయే నిర్ణయించుకుంటుంది, ఇంకో టెక్నీషియన్‌ని పంపి చేతులు దులుపుకుంటుంది. ఆ వాక్యాన్ని ఇంక వాడకండి.

బాగుచేయాలా, మార్చివ్వాలా, డబ్బు వెనక్కివ్వాలా? ఒకటి ఎంచుకోండి. అది కుదరకపోతే రెండోది ఏమిటో కూడా చెప్పండి. డబ్బు అడిగితే అంకె రాయండి. మొదటిసారి పాడైన వారానికే పూర్తి డబ్బు అడిగితే కంపెనీ ఒప్పుకోదు, బయటి మనిషికీ అది న్యాయంగా అనిపించదు. అదే లోపం మూడుసార్లు బాగుచేశాక కూడా తిరగబెడితే మార్చివ్వమనడం ఎవరికైనా సబబుగానే తోస్తుంది. మానసిక వేదనకి లక్షలు ఇవ్వాలని మొదటి ఉత్తరంలోనే రాయడం నాకు నచ్చదు. అది చూడగానే కంపెనీ దాన్ని లీగల్ విభాగానికి తోసేస్తుంది, అక్కడితో వేగం పోతుంది. ఆ మాట తర్వాత అనొచ్చు.

వారంటీ షరతులు కూడా ఈ దశలోనే చదవాలి. "కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. చాలా కంపెనీల షరతుల ప్రకారం అది ఆ భాగానికి మాత్రమే. మొదటి ఏడాది దాటితే గ్యాస్, కూలి ఖర్చు మనమే భరించాలి. షరతు తెలిసి అడిగితే ఎదుటివాళ్లు దాన్ని అడ్డం పెట్టుకోలేరు.

షోరూములో "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టినంత మాత్రాన భయపడక్కర్లేదు. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకుని, బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా డబ్బివ్వడానికి నిరాకరించడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కేస్తుంది. ఇది లోపమున్న వస్తువులకే. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో అడిగేదానికి వర్తించదు.

నాలుగో మెట్టు: రాయడం

పేజీన్నర దాటనివ్వకండి. సబ్జెక్ట్ లైన్‌లోనే వస్తువు, లోపం, కంప్లైంట్ నంబర్, మీరడిగేది రావాలి. "దయచేసి నా సమస్య పరిష్కరించండి" అని సబ్జెక్ట్ పెడితే అలాంటివే వందల మెయిళ్ల మధ్య మీదీ పడి ఉంటుంది.

మొదటి పేరాలో ఏం కొన్నారు, ఎప్పుడు, ఎంతకు. తర్వాత తేదీల వరుస. ఆ తర్వాత దీనివల్ల మీకు కలిగిన ఇబ్బంది, ఒకటి రెండు వాక్యాల్లో. చివర్లో మీకేం కావాలి, ఎప్పటిలోగా. అంతే.

తేడా ఎక్కడ వస్తుందో చూడండి. కోపంలో ఇలా రాస్తాం: "మీ సర్వీస్ పరమ చెత్త. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పట్టించుకునే నాథుడు లేడు. మధ్యతరగతి వాళ్లంటే మీకు లెక్కలేదు." ఇందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. కానీ చదివేవాళ్లు పట్టుకోవడానికి ఒక్క విషయం కూడా లేదు. దాని బదులు: "ఆగస్టు 2న మీ టెక్నీషియన్ కంప్రెసర్ మార్చాలని జాబ్ షీట్‌లో రాశారు. ఆగస్టు 20 దాకా పార్టు రాలేదు. అదే రోజు, ఎవరూ ఇంటికి రాకుండానే, కంప్లైంట్ పరిష్కారమైందని ఎస్ఎమ్ఎస్ వచ్చింది." ఒక్క తిట్టు లేదు. అయినా కంపెనీ తప్పించుకోవడానికి సందు లేదు.

"ఎన్నోసార్లు" అనే మాట కనిపించిన చోటల్లా కొట్టేసి తేదీ రాయండి. "చాలా నష్టపోయాను" అన్నచోట మొత్తం రాయండి. మీకు కచ్చితంగా తెలియని సంగతి, అంటే "కావాలనే పాత ఫ్రిజ్ ఇచ్చారు" లాంటి ఆరోపణ, రుజువు లేకుండా రాయొద్దు. అదొక్కటి తప్పని తేలితే మిగతా నిజాలకీ విలువ తగ్గిపోతుంది. సెక్షన్ల నంబర్లు గుప్పించాల్సిన పని కూడా లేదు. లోపమున్న వస్తువు, సేవాలోపం అన్న మాటలు చాలు, చట్టంలో ఉన్నవీ అవే.

ఫ్రిజ్ విషయంలో మొత్తం ఉత్తరం ఇలా ఉంటుంది:

> తేదీ: 25-08-2025
>
> గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
> (కంపెనీ పేరు, చిరునామా)
> కాపీ: (షోరూము పేరు, చిరునామా)
>
> విషయం: వారంటీలో ఉన్న ఫ్రిజ్‌లో మూడుసార్లు అదే లోపం; మార్చి ఇవ్వమని విన్నపం. కంప్లైంట్ నంబర్: ……
>
> అయ్యా/అమ్మా,
>
> 14-03-2025న పై షోరూములో మీ కంపెనీ ఫ్రిజ్ (మోడల్ ……, సీరియల్ నంబర్ ……) రూ. 31,490కి కొన్నాను. బిల్లు నంబర్ ……. దీనికి ఏడాది వారంటీ ఉంది.
>
> జులై 3న ఫ్రిజ్ చల్లబడటం ఆగిపోయింది. తర్వాత జరిగింది ఇది:
>
> జులై 5: టెక్నీషియన్ వచ్చి గ్యాస్ నింపారు. ఎనిమిది రోజులు పనిచేసి మళ్లీ ఆగింది.
> జులై 19: రెండోసారి వచ్చి పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మార్చారు. నాలుగు రోజులకే అదే సమస్య.
> ఆగస్టు 2: కంప్రెసర్ మార్చాలని, పార్టు ఆర్డర్ పెట్టామని జాబ్ షీట్‌లో రాశారు.
> ఆగస్టు 20: పార్టు రాలేదు, ఎవరూ రాలేదు. కంప్లైంట్ పరిష్కారమైందని ఎస్ఎమ్ఎస్ వచ్చింది.
>
> ఫ్రిజ్ ఈరోజుకీ పనిచేయడం లేదు. మా అత్తగారి ఇన్సులిన్ పక్కింటివాళ్ల ఫ్రిజ్‌లో పెట్టుకోవలసి వస్తోంది.
>
> మూడు ప్రయత్నాల తర్వాత కూడా లోపం పోలేదు కాబట్టి ఇదే మోడల్ కొత్త ఫ్రిజ్ ఇవ్వాలని కోరుతున్నాను. అది వీలుకాకపోతే రూ. 31,490 నా బ్యాంకు ఖాతాకి తిరిగి చెల్లించండి. 10-09-2025 లోగా మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలపండి. అప్పటికి పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, అవసరమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను.
>
> జతచేసినవి: బిల్లు, వారంటీ కార్డు, మూడు జాబ్ షీట్లు, ఆగస్టు 20 ఎస్ఎమ్ఎస్ స్క్రీన్‌షాట్.
>
> (పేరు, చిరునామా, ఫోన్, ఈమెయిల్, సంతకం)

ఇన్సులిన్ గురించి ఒక్క వాక్యమే ఉంది చూశారా? అది రెండు పేరాలైతే బలం తగ్గేది.

తెలుగులో రాయొచ్చా అని అడుగుతుంటారు. ఊళ్లోని షోరూముకి, స్థానిక సంస్థలకి నిక్షేపంగా రాయొచ్చు. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లోనో ముంబయిలోనో ఉంటే మాత్రం అక్కడ చదివే మనిషికి తెలుగు రాకపోవచ్చు, అనువాదం పేరుతో ఆలస్యం జరుగుతుంది. నేను చెప్పే పద్ధతి: ముందు తెలుగులో శుభ్రంగా రాసుకోండి, తర్వాత ఇంట్లో పిల్లలతోనో తెలిసినవాళ్లతోనో ఇంగ్లిష్‌లో పెట్టించండి. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే మనసు వాక్యాల మీద ఉంటుంది, విషయం జారిపోతుంది.

రాశాక వెంటనే పంపకండి. రాత్రి రాస్తే పొద్దున మళ్లీ చదవండి. సంగతి అస్సలు తెలియని ఒకరికి చదవడానికిచ్చి, "ఏం జరిగింది? నేనేం అడుగుతున్నా?" అని అడగండి. రెండింటికీ వెంటనే జవాబు చెప్పగలిగితే ఉత్తరం బాగున్నట్టు.

ఐదో మెట్టు: పంపడం

ముందు ఈమెయిల్. జతచేసే కాగితాల ఫైళ్లకి "బిల్లు", "జాబ్ షీట్ జులై 5" అని పేర్లు పెట్టండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వొద్దు, కాపీలే. వస్తువు ఖరీదైనదైనా, మెయిల్‌కి జవాబు రాకపోయినా కాగితం మీద కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టుని తపాలా శాఖ 2025లో స్పీడ్ పోస్టులో కలిపేసింది. అందుకని స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచి, ట్రాకింగ్‌లో అందినట్టు చూపించే పేజీని ప్రింట్ తీసిపెట్టుకోండి. షోరూముకి చేత్తో ఇస్తే మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

ఉత్తరం అందాక కంపెనీ నుంచి ఫోన్ రావడం మామూలే. మర్యాదగా మాట్లాడతారు, మాట ఇస్తారు. ఫోన్ పెట్టేసిన వెంటనే ఒక చిన్న మెయిల్ పెట్టండి: "ఈరోజు ఉదయం 11 గంటలకి మీ ప్రతినిధి ఫోన్ చేసి, శుక్రవారం లోగా కొత్త ఫ్రిజ్ పంపుతామని చెప్పారు. ఇందులో తప్పుంటే తెలపండి." నోటిమాట ఇలా రాతలోకి వస్తుంది. నన్నడిగితే మొత్తం ప్రక్రియలో అన్నిటికంటే తక్కువ శ్రమతో ఎక్కువ మేలు చేసే పని ఇదే.

సోషల్ మీడియాలో పెడితే కంపెనీలు త్వరగా స్పందిస్తాయన్నది నిజమే. పెట్టండి, కానీ కంప్లైంట్ నంబర్ వరకే. ఫోన్ నంబర్, బిల్లు ఫోటో పెట్టొద్దు. కంపెనీ పేరుతో నకిలీ ఖాతాలు ఆ పోస్టుల కోసమే కాచుకుని ఉంటాయి.

ఆరో మెట్టు: గడువు దాటితే

పాత మెయిల్‌కే రిప్లై కొట్టి నాలుగు వాక్యాల రిమైండర్ పంపండి, ఇంకో వారం ఇవ్వండి. కొత్త మెయిల్ మొదలుపెట్టొద్దు, వరుస తెగిపోతుంది.

దానికీ ఉలుకూ పలుకూ లేకపోతే 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగుతో సహా 17 భాషల్లో మాట్లాడొచ్చు, ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. వీళ్లు మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కోర్టులా ఆదేశించే అధికారం వీళ్లకి లేదు. అయినా పెద్ద కంపెనీల్లో ఇక్కడి నుంచి వచ్చే ఫిర్యాదులు చూడటానికి వేరే మనుషులుంటారు కాబట్టి ఈ దశలోనే తేలిపోయేవి చాలా ఉంటాయి. మీ ఉత్తరం సిద్ధంగా ఉంటే అందులోంచి తీసి అతికించడమే పని.

కొన్ని రంగాలకి వేరే దారులున్నాయి. బ్యాంకు మీద అయితే ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. బీమాకి బీమా భరోసా పోర్టల్, ఆ పైన బీమా అంబుడ్స్‌మన్. ఫోన్ కంపెనీ అయితే కాల్ సెంటర్ ఇచ్చే డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకుని, ఆ కంపెనీలోనే ఉండే అప్పీలు అధికారికి రాయాలి. ఫ్లాట్ సమయానికి ఇవ్వని బిల్డర్ మీద అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ). అన్నిచోట్లా మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ముందు ఆ సంస్థకి రాశారా?"

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. వస్తువుకి చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే ఇక్కడే వేయాలి. 5 లక్షల దాకా ఫీజు లేదు. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా సరే, మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే కేసు వేయొచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకునేవాళ్లు బెంగళూరు కంపెనీ కోసం బెంగళూరు వెళ్లక్కర్లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. కేసు తేల్చడానికి చట్టం పెట్టిన లక్ష్యం 3 నెలలు, వస్తువుని ల్యాబ్‌కి పంపాల్సొస్తే 5 నెలలు. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఓపిక ఉండాలి.

ఒక్క గడువు మాత్రం మర్చిపోకూడదు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోగా కమిషన్‌కి వెళ్లాలి. ఉత్తరాలు రాస్తూ, జవాబుల కోసం చూస్తూ ఉన్నంత మాత్రాన ఆ రెండేళ్లు పొడిగించరు. "చూస్తున్నాం, చూస్తున్నాం" అంటూ కంపెనీ ఏడాదిన్నర గడిపేస్తే ఇక ఉత్తరాలు ఆపి దాఖలు చేయడమే మంచిది.

కంపెనీ ఒప్పుకుంటే

ఒప్పుకున్నప్పుడు కూడా కళ్లు తెరిచే ఉండాలి. డబ్బు బదులు కూపన్ ఇస్తామంటారు, లేదా అదే ధరకి తక్కువ రకం మోడల్ చూపిస్తారు. అక్కర్లేదనుకుంటే కారణంతో సహా మెయిల్‌లో చెప్పండి. కొత్త ఫ్రిజ్ ఇస్తే దాని వారంటీ ఆ రోజు నుంచి లెక్కా, పాత తేదీ నుంచా అని అడిగి రాయించుకోండి. చాలా కంపెనీలు పాత వారంటీలో మిగిలిన కాలాన్నే కొనసాగిస్తాయి. ఇంకే క్లెయిమూ లేదంటూ సంతకం పెట్టమనే కాగితం మీద కొత్త వస్తువు ఇంట్లో పనిచేయడం మొదలయ్యాకో, డబ్బు ఖాతాలో పడ్డాకో మాత్రమే సంతకం చేయండి. ఆ కాగితం నకలు, కొత్త సీరియల్ నంబర్ ఫోటో, పాత ఉత్తరం, అన్నీ ఒకే కవర్లో పెట్టి వారంటీ తీరేదాకా ఉంచండి.